తువ్వాల కింద బేరం

దామలచెరువు మండీలో
చెంగల్రాయ నాయుడు నోటితో ధర చెప్పింది
నేనెప్పుడూ వినలా.
భుజం మీది తువ్వాల తీసి
కొనేవాడి చేతి మీద పరిచి
దాని కింద వేళ్ళు పట్టుకునేవాడు.
వేలు నొక్కితే వెయ్యి,
పిడికిలి మూస్తే ఐదొందలు,
గోటితో అరిచెయ్యి గీరితే
పోరా, నీకు కాయ లేదని.
పందొమ్మిదేళ్ళు పక్కన కూచుని
ఆయన కనుబొమ్మ చూసి లెక్క రాసినాను.

తోతాపురి లారీ నిండతా ఉండంగా
తువ్వాల జారింది.
తీసుకునేదానికి పోయిన కుడిచెయ్యి
కిందికి పోయింది గానీ పైకి రాలా.
సీజన్లో బీపీ మాత్ర మింగే తీరిక ఎవురికుంటాది?
అట్ట జోబీలోనే ఉండింది,
పదికి పది.

తిరుపతి ఆసుపత్రిలో
డాక్టరు ఫిలిం వెలుతురుకు పట్టి చూపించినాడు.
తలలో నెత్తురు తెల్లంగా కనిపిస్తాదని
ఆ పొద్దే తెలిసింది.
నీలం కాయంత తెలుపు.
"కారడం నిలిచింది" అన్నాడు.
కాంతమ్మక్క కిటికీలోంచి కొండ దిక్కు తిరిగి దండం పెట్టింది.
నేనూ అనుకున్నా, గండం దాటిందిలే అని.
వాన నిలిచినాక గదా
మిద్దె కురిసేది.

మూడోనాటికి మెదడు వాచింది.
ఆ తర్వాత ఒక తెల్లారుజామున ఫిట్సు,
మంచం ఇనపకాళ్ళు గచ్చు మీద టకటకమని.
తొమ్మిదోనాడు అక్క, ప్రాణం ఉండబట్టలేక,
ఒక చెంచా నీళ్ళు పోసింది.
గొంతు దారి మర్చిపోయింది.
చెంచాడు నీళ్ళు ఊపిరితిత్తిలో దిగి
నూటమూడు జరమై లేచినాయి.
అప్పట్నించి ముక్కులో గొట్టం,
అక్క ఆ చెంచాను మళ్ళా ముట్టలా.

మండీ పద్దు పుస్తకంలోనే రాస్తా ఉండా ఇప్పుడు.
జమ: గంజి, రెండొందల మిల్లీ, పొద్దున ఆరు.
ఖర్చు: సంచిలో మూడొందల ఇరవై.
నిల్వ దగ్గర ఏం రాయాలో తెలీక
గీత గీసి వదిలేస్తా.

ఆయనకి మిగిలింది ఒకటే మాట, "పదకొండు."
దాహమైతే పదకొండు.
పెండ్లాం పేరు పదకొండు.
నర్సు రెండు వేళ్ళు చూపించి ఎన్నంటే పదకొండు.
అన్నాక, తప్పని ఆయనకే తెలిసి
కండ్లు మూసుకుంటాడు.
లెక్క తప్పని మనిషి.

ఇరవయ్యోనాడు పడిపోయిన కాలు వాచింది.
పిక్కలో నెత్తురు గడ్డకట్టిందంట.
నిలవరా అంటే తలలో నిలవకుండా కారింది,
పారరా అంటే కాల్లో పారకుండా కూచుంది.
పలచన చేసే మందిస్తే తలలో మళ్ళా కారొచ్చు,
ఇవ్వకపోతే గడ్డ కదిలి ఊపిరికి అడ్డం పడొచ్చు.
ఆ డాక్టరు చిన్నపిల్లోడు.
రెండు రాత్రులుగా అదే చొక్కా.
రెండు తట్టల నడుమ ముల్లు మాదిరి నిలబడినాడు.
కాటా పట్టినోడి చెయ్యి ఎట్టా వణుకుతాదో ఎరిగినోణ్ణి,
ఏమీ అడగలా.

ఆ రేయి అక్క వరండాలో చాప మీద కునుకు తీస్తా ఉంటే
ఆయన ఎడమచెయ్యి నా తువ్వాల పట్టి లాగింది.
సగం పరిచి, సగం జారవిడిచి
దాని కింద నా వేళ్ళు వెతుక్కునింది.
మూడు వేళ్ళు నొక్కి ఆగింది.
మళ్ళా మూడు.
ధర చెప్తా ఉండాడనుకున్నా.
కాదు, అడగతా ఉండాడు.
ఎంతయింది ఖాదరూ, ఇంతవరకూ?

నిజం చెప్పాలంటే
నావీ ఆయనవీ కలిపినా వేళ్ళు చాలవు.
పందొమ్మిదేళ్ళలో మొదటిసారి
తువ్వాల కింద అబద్ధమాడినాను.
ఒక్క వేలు ఇచ్చినాను.

పైకి పచ్చిగా ఉండే కాయ లోపల మాగిందో లేదో
ముక్కు దగ్గర పెట్టుకుని చూసినట్టు
నా ముఖం చూసినాడు.
నోట్లో ఎడమపక్క మాత్రం నవ్వింది.
నా అరిచేతిని గోటితో
మెల్లగా గీరినాడు.